84 పాటల పెట్టె, జాన్ హెన్రీ సమ్మెట

ఆరు సీడీలు, 84 పాటలు, రెండు పుస్తకాలు. ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ అనే ఈ పెట్టె చవకేమీ కాదు. అయినా కొనదగ్గదే అంటాను. పాత అమెరికన్ జానపదాల మీద మోజున్నవాళ్ల ఇళ్లలోకి ఇది ఎప్పుడో చేరి ఉంటుంది కాబట్టి వాళ్లకు నా సలహా అక్కర్లేదు. నాలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. నేను రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా, అంటే పీడబ్ల్యూఐగా, పనిచేసి రిటైరయ్యాను. పట్టాలు, స్లీపర్లు, కంకర, గ్యాంగులు బాగా తెలుసు. సంగీతం అంతంత మాత్రం. ఈ పెట్టె తెరిచింది ఒక్క జాన్ హెన్రీ పాట కోసం. మా అబ్బాయి ఉండేది వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో. జాన్ హెన్రీని పాతిపెట్టిన చోటు ఆ ఊళ్లోనే ఉందని ఒక చరిత్రకారుడు వాదించాడని వాడు చెప్పాక ఇక ఊరుకోలేకపోయాను.

ముందు సరుకు సంగతి. హ్యారీ స్మిత్ అనే ఆయన పాత గ్రామఫోను రికార్డులు పోగుచేసేవాడు. తన దగ్గరున్న వాటిలోంచి 84 పాటలు ఏరి, మూడు భాగాలుగా పేర్చి, 1952లో ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా విడుదల చేశాడు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. మొదటి భాగంలో కథాగేయాలు, రెండో దానిలో నాట్యాలకూ చర్చిలకూ సంబంధించినవి, మూడో దానిలో మిగతా పాటలు. అన్నీ 1926 నుంచి 1932 దాకా కంపెనీలు రికార్డు చేసి అమ్మినవే. ఊరూరూ తిరిగి జానపదాలు సేకరించే పండితుల పని కాదిది. దుకాణాల్లో డబ్బు పెట్టి జనం కొనుక్కున్న పాటలు. దీన్నే స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ వాళ్లు 1997లో సీడీల మీద మళ్లీ తెచ్చారు. స్మిత్ స్వయంగా రాసిన పుస్తకాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసి, కొత్త వ్యాసాలతో మరో పుస్తకం కలిపారు.

జాన్ హెన్రీ కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక కొండల గుండా రైలు మార్గం వేస్తున్న రోజులు. సొరంగం తొలిచే పనిలో జాన్ హెన్రీ అనే నల్లజాతి కార్మికుడు సమ్మెట కొట్టడంలో మొనగాడు. కంట్రాక్టరు ఆవిరితో నడిచే డ్రిల్లు తెచ్చాడు. మనిషి మనిషే, కానీ ఆ యంత్రం చేతిలో ఓడేకన్నా సమ్మెట చేతపట్టుకునే చస్తానని జాన్ హెన్రీ మేస్త్రీతో అన్నాడు. పందెం కట్టారు. చాలామంది పాడే లెక్క ప్రకారం జాన్ హెన్రీ 14 అడుగులు దించాడు, యంత్రం 9 అడుగుల దగ్గర ఆగింది. గెలిచాడు, సమ్మెట కింద పెట్టాడు, చచ్చిపోయాడు.

ఈ కథ చెప్పే పాట పెట్టెలో 18వది. విలియమ్సన్ బ్రదర్స్ అండ్ కర్రీ అనే బృందం 1927లో రికార్డు చేసింది. వాళ్లది వెస్ట్ వర్జీనియా. ఫిడేలు ముందు దూకుతుంది, గొంతులు దాన్ని తరుముకుంటూ వెళ్తాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ వేగంతో సమ్మెట ఎత్తి దించగల మగాడు ఏ గ్యాంగులోనూ ఉండడు. ఇది అడుగులు వేయడానికి కుదిరిన పాట. సొరంగంలో పుట్టిన మాటలు చావిట్లో ఆటపాటల్లోకి వచ్చేసరికి వాటికి ఇలా కాళ్లొచ్చాయి. కథలోని చావు అలాగే ఉంది, చెమట మాత్రం ఆరిపోయింది. అలాగని పాట బాగోలేదనను. ఉత్సాహం పొంగుతూ ఉంటుంది, అదే నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది.

ఆ ఇబ్బందికి కారణం ఆ పని నాకు తెలియడం. రాతిలో తూటా పెట్టాలంటే ముందు సన్నటి లోతైన కన్నం కావాలి. ఒకడు ఉక్కు కడ్డీని రాతికి ఆనించి రెండు చేతులతో పట్టుకుంటాడు. ఇంకొకడు దాని తల మీద సమ్మెటతో కొడతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య పట్టుకున్నవాడు కడ్డీని కొంచెం తిప్పాలి, లేకపోతే మొన రాతిలో ఇరుక్కుపోతుంది. పొడి బయటికి రావాలన్నా తిప్పాల్సిందే. కొట్టేవాడి సమ్మెట ఒక అంగుళం పక్కకు పడితే పట్టుకున్నవాడి చేతులుండవు. అందుకే ఈ పాట పాఠాల్లో, అంటే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పాడే రూపాల్లో, జాన్ హెన్రీ తన తోడును పాడమంటాడు, నా గురి తప్పితే రేపు నీ అంత్యక్రియలే అంటాడు. వినేవాళ్లకు అది బడాయిలా తోస్తుంది. నిజానికి అది పనికి కావలసిన తాళం. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు తిప్పాలో ఇద్దరికీ ఆ పాటే చెబుతుంది. మా గ్యాంగుల్లోనూ అంతే. బీటర్లతో స్లీపరు కింద కంకర దట్టించేటప్పుడూ, గడ్డపారలు పెట్టి పట్టా జరిపేటప్పుడూ ఒకడు పలుకు అందుకునేవాడు, మిగతావాళ్లు చివరి మాట మీద బలం వేసేవారు.

ఇక ఇది జరిగిందెక్కడ? వెస్ట్ వర్జీనియాలో టాల్కాట్ అనే చిన్న ఊరి దగ్గర బిగ్ బెండ్ సొరంగం ఉంది. గ్రీన్‌బ్రయర్ నది కొండ చుట్టూ పెద్ద వంపు తిరుగుతుంది. నది వెంట వెళ్లకుండా చీసపీక్ అండ్ ఒహాయో రైల్వే వాళ్లు 1870–72 మధ్య మైలుకు పైగా కొండను తొలిచారు. 1920లలో గై జాన్సన్, లూయీ చాపెల్ అనే ఇద్దరు పరిశోధకులు విడివిడిగా అక్కడి ముసలివాళ్లను కలిసి వాంగ్మూలాలు తీసుకున్నారు. ఒకరు పందెం చూశామన్నారు, ఒకరు అలాంటిదేమీ లేదన్నారు. మేం కారులో వెళ్లి చూశాం. 1932లో పక్కనే కొత్త సొరంగం తవ్వారు, పాతది 1974లో మూసేశారు. సొరంగం నోటి దగ్గర పార్కులో సమ్మెట పట్టుకున్న జాన్ హెన్రీ విగ్రహం ఉంది. 1972లో దాన్ని కొండపైన రోడ్డు పక్క పెట్టారు, తర్వాత కిందికి తెచ్చారు. కండలు తిరిగిన ఆజానుబాహువు.

అప్పట్లో విలియం అండ్ మేరీ కాలేజీలో ఉన్న చరిత్రకారుడు స్కాట్ రేనాల్డ్స్ నెల్సన్ 2006లో చెప్పిన కథలో ఆ కండలు లేవు. ఆయన చూపించిన జాన్ విలియం హెన్రీ ఎత్తు 5 అడుగుల 1 అంగుళం పైన కాస్త. న్యూజెర్సీ కుర్రాడు. 1866లో వర్జీనియాలో ఒక కొట్లో దొంగతనం కేసులో దొరికాడు. పదేళ్ల శిక్ష వేసి రిచ్‌మండ్‌లోని రాష్ట్ర జైలుకు పంపారు. జైలు వాళ్లు ఖైదీలను రోజుకు 25 సెంట్ల లెక్కన రైల్వేకు అద్దెకిచ్చారు. బిగ్ బెండ్‌కు తూర్పున, వర్జీనియా రాష్ట్రం పొలిమేరలోనే, లూయిస్ సొరంగం పనిలో వాళ్లను పెట్టారు. ఖైదీలూ ఆవిరి డ్రిల్లులూ పక్కపక్కన పనిచేసింది అక్కడేనని నెల్సన్ కాగితాలు చూపిస్తాడు. జాన్ హెన్రీ విడుదలైనట్టు గానీ, క్షమాభిక్ష దొరికినట్టు గానీ జైలు పుస్తకంలో లేదు.

ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. తిరిగి అప్పగించని ప్రతి ఖైదీకీ 100 డాలర్ల జరిమానా. పారిపోకుండా చూసుకోవాలని పెట్టిన షరతు అది. దానివల్ల చచ్చినవాడిని కూడా వెనక్కి తేవలసి వచ్చిందంటాడు నెల్సన్. పాట కొన్ని పాఠాల్లో, జాన్ హెన్రీని తెల్ల ఇంటికి తీసుకెళ్లి ఇసుకలో పాతిపెట్టారని, పక్కనుంచి దూసుకుపోయే ప్రతి ఇంజనూ ఉక్కు కొట్టినవాడు ఇక్కడున్నాడని చెబుతుందని ఒక చరణం ఉంది. సొరంగం దగ్గర కొండలున్నాయి గానీ ఇసుక ఎక్కడిది? తెల్ల ఇల్లు ఎక్కడిది? అధ్యక్షుడి భవనమని కొందరు సరిపెట్టుకున్నారు. రిచ్‌మండ్ జైలు ఆవరణలో తెల్లగా సున్నం కొట్టిన భవనం ఉండేది, పక్కనే రైలు పట్టాలుండేవి. 1992లో ఆ జైలు స్థలంలో తవ్వితే దాదాపు 300 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి.

నేను ఆ స్థలం దాకా నడిచి వెళ్లాను. జైలు లేదు, కంపెనీ ఆఫీసులున్నాయి. కింద జేమ్స్ నది ఒడ్డున ఇప్పటికీ గూడ్సు బండ్లు తిరుగుతాయి. బరువు బండి వంపు తిరిగేటప్పుడు పట్టా మీద చక్రం చేసే చప్పుడు ఆఫీసు గేటు దగ్గరికి చక్కగా వినిపిస్తుంది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. చాలా పాఠాల్లో తెల్ల ఇల్లు ఉండదు, శ్మశానమే ఉంటుంది. జాన్ గార్స్ట్ అనే మరో పరిశోధకుడు ఈ పందెం 1887లో అలబామాలో డనవాంట్ దగ్గర జరిగిందంటాడు, ఆయన దగ్గరా సాక్ష్యాలున్నాయి. నా మొగ్గు నెల్సన్ వైపే, అయితే అది పందెం కారణంగా కాదు, దుమ్ము కారణంగా. గట్టి ఇసుకరాతిని మూసిన సొరంగంలో తొలిస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని నెలల్లోనో ఏళ్లలోనో తినేస్తుంది. రాతి క్వారీలున్న మన ఊళ్లలో సిలికోసిస్ పేరు కొత్త కాదు. అదే వెస్ట్ వర్జీనియాలో 1930ల మొదట్లో హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వినవాళ్లు వందల సంఖ్యలో ఆ జబ్బుతో పోయారు. అందులోనూ ఎక్కువమంది నల్లవాళ్లే. ఒక్క రోజు పందెంలో గుండె ఆగి చచ్చాడంటే వీరగాథ అవుతుంది. దుమ్ము పీల్చి చచ్చాడంటే లెక్కల పుస్తకంలో ఒక గీత అవుతుంది.

ఇంతవరకూ చెప్పింది పెట్టెలోని పుస్తకాల్లో దొరకదు. స్మిత్ పుస్తకం 1952 నాటిది, నెల్సన్ పరిశోధన చాలా తర్వాతిది. కానీ స్మిత్‌కు ఏదో తెలుసు. పాటలు పేర్చిన వరస చూడండి. 18వ పాటకు ముందు 17వది జాన్ హార్డీ పాట. జాన్ హార్డీ 1894లో వెస్ట్ వర్జీనియాలోనే ఉరికంబమెక్కిన హంతకుడు. తొలినాళ్లలో పండితులు వీళ్లిద్దరూ ఒక్కరేనని పొరపడ్డారు. స్మిత్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, వేర్వేరని మీకే తెలిసేలా చేశాడు. 23వది కార్టర్ కుటుంబం అనే బృందం పాడిన రైలు ప్రమాదం పాట. అది 1890లో హింటన్ దగ్గర, అదే చీసపీక్ అండ్ ఒహాయో లైను మీద జరిగిన ప్రమాదం. హింటన్ నుంచి టాల్కాట్ ఎంతో దూరం కాదు. 12వది చెప్పులు కుట్టేవాళ్ల పాట. యంత్రం వచ్చి వంద జతలు కుట్టేస్తే ఆరె, మేకులు మూలనపడతాయి. వీటి గురించి స్మిత్ ఒక్క ముక్క వ్యాఖ్యానించడు. వరసే ఆయన వ్యాఖ్యానం.

అసలు దెబ్బ మూడో భాగంలో పడుతుంది. 79వ పాట అంకుల్ డేవ్ మేకన్‌ది. టెన్నెస్సీలో బొగ్గు గనుల యజమానులు ఖైదీలను అద్దెకు తెచ్చుకుంటే, కూలి పోయిన గని కార్మికులు 1891లో తిరగబడి ఖైదీలను విడిపించారు. పాట ఆ గొడవల గురించి. బాంజో వాయిస్తూ నవ్వుతూ తుళ్లుతూ పాడతాడు. అది ఆగగానే 80వది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’. అద్దె ఖైదీల పాట వెంబడే జాన్ హెన్రీ రావడం కాకతాళీయమని నేను నమ్మను.

ఇందులో పందెం లేదు. ఆవిరి డ్రిల్లు లేదు. బొటనవేలు కింది తీగల మీద ఏకరీతిగా నడుస్తూ ఉంటుంది, పై తీగల మీద రాగం తీరిగ్గా తిరుగుతుంది, గొంతు ఎక్కడా పెరగదు. ఈ సమ్మెట తీసుకెళ్లి కెప్టెన్‌కు ఇవ్వు, నేను వెళ్లిపోయానని చెప్పు అంటాడు. జాన్ హెన్రీని చంపిన సమ్మెట ఇదే, నన్ను మాత్రం చంపలేదు అంటాడు. జాన్ హెన్రీ తన సమ్మెటను దారి పక్కన పడేసి వెళ్లాడు, అది ఎర్రగా ఉంది అంటాడు. ఎందుకు ఎర్రగా ఉందో చెప్పడు. పాడేవాడు అక్కడ లేనే లేడు, ఈపాటికి మైళ్ల దూరం వెళ్లిపోయి ఉంటాడు. పాట ఇంకెవరిచేతో పంపిన కబురు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక సంగతి. పాట పేరులో ఉన్న స్పైక్ డ్రైవర్ సొరంగం మనిషి కాదు. చెక్క స్లీపర్లకు పట్టాను బిగించడానికి డాగ్ స్పైకులనే పెద్ద మేకులు దిగేసేవాడు. అది మా పని. చెక్క స్లీపర్ల కాలంలో నా గ్యాంగుల్లో ఆ పని చేసినవాళ్లున్నారు. సొరంగం కూలీ కథ లైను కూలీ నోట్లో పడి, లైను కూలీ దాన్ని తన అవసరానికి మార్చుకున్నాడు. జాన్ హెన్రీ ఎంత గొప్పవాడో అతడికి అక్కర్లేదు, అంత వేగంగా పనిచేస్తే ఏమవుతుందో తెలిస్తే చాలు. మెల్లగా కొట్టండి, మీరూ చస్తారు అని మేస్త్రీ ముందు బాహాటంగా అనలేరు. పాటగా అంటే మేస్త్రీకి అది పని పాటే. 18వ పాటలో జాన్ హెన్రీ కంట్రాక్టరుకు కావలసిన కూలీ, చచ్చేదాకా కొడతాడు. 80వ పాటలో కెప్టెన్ చేతిలో మిగిలేది సమ్మెట ఒక్కటే.

కెప్టెన్ అన్నది పటాలంలో హోదా కాదు, పని చేయించే తెల్ల మేస్త్రీకి కూలీలు పెట్టుకున్న పిలుపు. పాలమూరు కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీని చూసినవాళ్లకు ఆ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మా లైన్లో ఆ మనిషిని నేనే. ట్రాలీ మీద నేను వస్తుంటే దూరం నుంచి పలుకు ఒక రకంగా వినిపించేది, దగ్గరికి వచ్చేసరికి మరో రకంగా మారేది. నా పేరు, నా పొట్ట, నా సైరన్ గొంతు అన్నీ అందులో ఉండేవని రిటైరయ్యే రోజున గ్యాంగు పెద్ద, మేట్, చెప్పాడు. మాటలు మాత్రం చెప్పలేదు. అందుకే హర్ట్ పాటను నేను కూలీల పక్కన నిలబడి వినలేను. కెప్టెన్‌కు కబురు అన్నప్పుడల్లా అది నాకే అందుతోంది.

జాన్ హర్ట్ కథ కూడా రాయదగ్గదే. 1928 తర్వాత రికార్డులు అమ్ముడుపోక మిసిసిపీలో పొలం పనుల్లోకి వెళ్లిపోయాడు. 1963లో ఆయన పాటలో వచ్చే అవలాన్ అనే ఊరి పేరు పట్టుకుని వెతికితే అక్కడే దొరికాడు. ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో పాడాడు, 1966లో పోయాడు. ఈ పెట్టె 1952లో వచ్చినప్పుడు ఆయన తెల్లవాడని అనుకున్నవాళ్లున్నారు. 1920లలో కంపెనీలు తెల్లవాళ్ల రికార్డులూ నల్లవాళ్ల రికార్డులూ వేర్వేరు వరుసల్లో అమ్మేవి. స్మిత్ ఆ గోడ తీసేశాడు, గాయకుల జాతి పుస్తకంలో ఎక్కడా రాయలేదు. తెల్ల బృందం పాడిన జాన్ హెన్రీ, నల్లవాడు పాడిన జాన్ హెన్రీ ఒకే పెట్టెలో ఉండడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

పుస్తకం ముచ్చటగా ఉంటుంది. ఒక్కో పాట కథనూ వార్తాపత్రిక శీర్షికలా ఒకటి రెండు వరుసల్లో తేల్చేస్తాడు. కప్ప, ఎలుక పెళ్లి పాటకు బంధువులు సమ్మతించారని గంభీరంగా వార్త రాస్తాడు. పెద్ద పెద్ద అంకెలు, పాత బొమ్మలు. అయితే అసలు అవసరమైనవి, పాటల పూర్తి మాటలు, లేవు. తెలుగువాడికి ఇది పెద్ద లోటే. గరగరలాడే రికార్డు మీద వెస్ట్ వర్జీనియా యాస నా చెవికి సగమే అందింది, మిగతాది మా అబ్బాయి, అతని తోటి ఉద్యోగి కలిసి విప్పి చెప్పారు. అక్షరాలు కూడా చిన్నవి, భూతద్దం పక్కన పెట్టుకోవలసిందే. గరగర పూర్తిగా పోలేదు, పోకపోవడమే మంచిది. మూడు నిమిషాల రికార్డులో సూది దిగే చప్పుడూ ఒక భాగమే.

రెండో భాగం నాకు పట్టలేదు. వరసగా ఫిడేలు నాట్యాలు, ఆ తర్వాత చర్చి పాటలు. భక్తి పాటల్లో కొన్ని గొంతులు ఒళ్లు గగుర్పొడిపిస్తాయి, మిగతాది నేను దాటవేశాను. తీసుకునేవాళ్లు మొదట 17, 18 వినండి, ఆ వెంటనే 12, 23. అప్పుడు డిస్కు మార్చి 79, 80 ఆపకుండా వినండి. మేస్త్రీగానో, సూపర్‌వైజరుగానో, కంట్రాక్టరుగానో ఎప్పుడైనా పనిచేసి ఉంటే 80వది ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకోండి.